చూపులేని పిల్లల పరుగు

దోమల గదికి తాళంచెవులు రెండు. ఒకటి పెద్దసారు బల్ల సొరుగులో ఉండేది, రెండోది దోమలమ్మ మెడలో ఉండేది. సొరుగులోది తుప్పు పట్టి చాలాకాలమైంది.

దోమలమ్మ అసలు పేరు జీతాల కాగితం మీద ఉండేది గానీ, పరిశోధనశాలలో ఎవరికీ గుర్తుండేది కాదు. మొదట్లో ఆ మాట ఆవిడ వెనకాల అనుకునేవారు. తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళకి ఆవిడ పలకడం కూడా మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ వెచ్చని, చెమ్మగా ఉండే గదిలో దోమల్ని పెంచడమే ఆవిడ ఉద్యోగం. తెల్లటి పళ్ళేల్లో నీళ్ళు, నీళ్ళలో మెలికలు తిరిగే పిల్లలు, అరల మీద వల పంజరాలు, వాటిలో పెద్దవి. బయట జనం దోమ కనబడగానే రెండు చేతులూ పైకెత్తి చప్పట్లు కొడతారు. ఆవిడ మాత్రం పొద్దున్నే తలుపు తీసి, “తిన్నారా, లేదా?” అని అడిగేది. చేపల మేతని మెత్తగా పొడి చేసి, ఉప్పు చల్లినంత చల్లేది. ఎక్కువైతే నీళ్ళు చెడతాయి, తక్కువైతే ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఆ కొలత ఆవిడ వేళ్ళకే తెలుసు.

రెండేళ్ళ కిందట ఆ గదిలోకి పొడుగమ్మాయి వచ్చింది. డాక్టరేట్ చెయ్యడానికి వచ్చిన పిల్ల. గుమ్మం దాటేటప్పుడల్లా తల కొట్టుకునేది కాబట్టి ఆ పేరు మొదటి రోజే స్థిరపడిపోయింది. వచ్చిన వారానికే దోమలమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని తన పని గురించి చెప్పింది.

“దోమ నీళ్ళలో ఈదే రోజుల్లోనే దాని కళ్ళు తయారవుతుంటాయి అక్కా. కంట్లోంచి నరాలు బయల్దేరి మెదడులోకి వెళ్ళాలి. ఎటు తిరగాలో, ఎక్కడ ఆగాలో వాటికి దారి చెప్పే జన్యువు ఒకటుంది. ఆ జన్యువు నోరు నొక్కేస్తే ఏమవుతుందో చూడాలి.”

“అంటే ఇంట్లో తీగలు లాగే కరెంటు మేస్త్రీ లాంటిదన్నమాట.”

“అచ్చం అంతే!”

“ఆ మేస్త్రీకి సెలవిచ్చేసి ఇల్లు కట్టించి, ఆఖర్న స్విచ్చి వేసి చూస్తావు. బాగుందమ్మా నీ చదువు.”

పొడుగమ్మాయి పడీ పడీ నవ్వింది. ఆ జన్యువుకి బారెడు పేరు ఉంది, ఒక్క ఊపిరిలో పలకలేం. ఆ రోజు నుంచి అది మేస్త్రీ అయిపోయింది. ఒకసారి పెద్దసారే మీటింగులో పొరపాటున “మన మేస్త్రీ” అనేసి, దగ్గి సర్దుకున్నారు.

పని సజావుగానే సాగింది. మేస్త్రీ నోరు నొక్కే మందుని జిగురులాంటి మేతలో కలిపి కొన్ని పిల్లలకి పెట్టారు. మిగతా పిల్లలకి ఏ పనీ చెయ్యని ఉత్తి మందు కలిపిన మేత పెట్టారు. తర్వాత కొన్నిటి మెదళ్ళు తీసి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఆవగింజలో నాలుగో వంతు కూడా లేని మెదడు. ఉత్తి మేత తిన్న వాటిలో కంటి నరాలు నూనె రాసి దువ్వి జడ వేసిన జుట్టులా ఉన్నాయి. మందు తిన్న వాటిలో పిల్లి ఆడుకున్న ఊలు ఉండలా ఉన్నాయి. పొడుగమ్మాయి ఆ బొమ్మల్ని తన గదిలో గోడకి కూడా అంటించుకుంది.

ఇక మిగిలింది ఒక్కటే పరీక్ష. దోమ పిల్లలకి వెలుగు పడదు, చీకట్లోకి పారిపోతాయి. పొడుగాటి పారదర్శకమైన తొట్టిలో ఇరవై పిల్లల్ని వదిలి, సగం తొట్టిని నల్లకాగితంతో కప్పి, రెండో కొసన దీపం పెడతారు. చూపున్నవి నల్లకాగితం కిందికి పరుగెడతాయి. చూపు లేనివాటికి వెలుగూ చీకటీ ఒకటే కాబట్టి ఎక్కడివక్కడ తిరుగుతూ ఉండాలి.

మంగళవారం మధ్యాహ్నం ఆ పరీక్ష చేశారు. ఉత్తి మేత తిన్న ఇరవైలో పంతొమ్మిది చీకట్లోకి పోయాయి. పొడుగమ్మాయి హాయిగా ఊపిరి పీల్చుకుని రెండో పళ్ళెం తెచ్చింది, మందు తిన్నవి. దీపం వేసింది.

పద్దెనిమిది పారిపోయాయి.

మళ్ళీ చేసింది. పదిహేడు. ఇంకోసారి. పద్దెనిమిది. నరాలు ఊలు ఉండలా చిక్కుపడ్డ పిల్లలు, ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు గబగబా నల్లకాగితం కిందికి దూరిపోయాయి. పొడుగమ్మాయి పెద్దసారుకి కబురు పెట్టింది.

పెద్దసారు వచ్చారు. ఆయన పేరుకి తగ్గట్టు మనిషి కూడా పెద్దే. నడుస్తుంటే అరల మీద గాజు సీసాలు గలగలలాడేవి. లెక్కలు చూసి గడ్డం గోక్కున్నారు.

“పళ్ళేలు తారుమారయి ఉంటాయి. మందు పళ్ళెం మీద ఉత్తిది, ఉత్తిదాని మీద మందు అని చీటీ పడుంటుంది.” ఆ మాట అంటున్నప్పుడు ఆయన దోమలమ్మ వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

“సార్, చీటీలు నేనే వేశాను. పంతొమ్మిదేళ్ళలో ఒక్క మూత కూడా మారలేదు.”

“తప్పులు అందరికీ జరుగుతాయమ్మా,” అన్నారాయన మెత్తగా. ఆ మెత్తదనమే ఆవిడకి ముల్లులా దిగింది.

“అక్క మార్చదు సార్,” అంది పొడుగమ్మాయి. “అయినా చీటీలు మారితే ఉత్తి పళ్ళెంలోవి ఆగిపోవాలిగా? రెండు పళ్ళేల్లోవీ పారిపోతున్నాయి.”

“అయితే రెండూ కలగాపులగం అయ్యుంటాయి. లేదా నీ బొమ్మలు తప్పు. ఏదో ఒకటి తప్పు కావాలి కదా? శుక్రవారం కమిటీ వస్తోంది. గురువారానికి తేలకపోతే ఈ పని పక్కన పెట్టి ఇంకోటి చూసుకుందాం.”

ఈ పిల్లల మెదళ్ళే తీసి రంగు వేసి చూద్దామంటే నాలుగు రోజులు పడుతుంది. అంత గడువు లేదు. పొడుగమ్మాయి వెళ్తూ వెళ్తూ గుమ్మానికి తల కొట్టుకుంది. అబ్బా అని కూడా అనలేదు.

దోమలమ్మ ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి నడుస్తూ, దారి పొడుగునా మూతలూ చీటీలూ మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. నీలం చీటీ మందుది, తెల్ల చీటీ ఉత్తిది. తన చేత్తోనే అంటించింది. అంటించాక మరోసారి చూసుకుంది. అయినా ఆ మెత్తటి మాట ఒకటి లోపల తిరుగుతూనే ఉంది. నిజంగానే పొరబడ్డానా?

ఇంట్లో ఆవిడా, భర్తా, అత్తగారూ. భర్త తివాచీల దుకాణంలో పనిచేస్తాడు. అత్తగారికి ఎనభై రెండు. పళ్ళు పోయాయి, మోకాళ్ళు పోయాయి, కళ్ళు మాత్రం పదహారేళ్ళ పిల్లవని ఆవిడ గొప్ప. కళ్ళజోడు మొహాన పెట్టుకున్న వాళ్ళని చూసి జాలిపడేది. పొద్దున్నే పేపరు ఒళ్ళో పరుచుకుని, ఎక్కడ వరదలొచ్చాయో, ఏ మంత్రి మాట జారాడో ఇంటిల్లిపాదికీ చెప్పేది. రెండేళ్ళ కిందట కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఆఖరి వరుస చూపించకముందే గడగడా చదివేసింది. ఆ తొందర చూసైనా ఎవరికీ అనుమానం రాలేదు.

దోమలమ్మ గుమ్మంలోకి అడుగుపెట్టేసరికి ముందు గదిలో భర్త నడుం పట్టుకుని నిలబడి ఉన్నాడు. దుకాణంలో పెద్ద హాలుకి కొలిచి కోయగా మిగిలిన ముక్కట, ఎర్రటి తివాచీ, మడమ దాకా దిగబడేంత మందం. గుమ్మం నుంచి అత్తగారి మంచం కోళ్ళ కింద వరకూ పరిచేశాడు. పరిచి, పెరట్లో చేతులు కడుక్కుని, అప్పుడే మళ్ళీ లోపలికి వచ్చాడు.

“ఏమ్మా, ఇవాళ ఇంత ఆలస్యమైందేం?” అంది అత్తగారు, చూపు తిన్నగా కొడుకు మొహం మీదే నిలిపి.

ఆ వేళకి రోజూ కబుర్లకి వచ్చేది ఎదురింటావిడ. కొడుకు వెనక్కి తిరిగి చూశాడు. ఎదురింటావిడ లేదు, ఉన్నది తన పెళ్ళామే. నోరు తెరవబోయాడు. దోమలమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది.

“రా, కూర్చో. మావాడు తెచ్చిన తివాచీ చూశావా? ఆకుపచ్చ. కళ్ళకెంత చల్లగా ఉందో. వాడి దగ్గర అనకు గానీ, వాడికి రంగుల సంగతి ఏం తెలుసు! దుకాణంలో ఎవరో ఎంచి పెట్టుంటారు. పెళ్ళిలో కోడలి చీర కూడా నేనే ఎంచాను, లేకపోతే ఆ పిల్లకి గోనెసంచి కట్టబెట్టేవాడు. ఇంక ఆ గురకంటావా, కోడలు కాబట్టి సర్దుకుపోతోంది. నేనయితే ఎప్పుడో...”

“అమ్మా!” అన్నాడు కొడుకు.

అత్తగారు రెప్ప కూడా వెయ్యలేదు. “నువ్వని నాకు తెలుసులేరా. ఆటపట్టిద్దామని అన్నాను.”

“తివాచీ ఎర్రగా ఉందమ్మా.”

“ఎరుపనేగా అన్నాను!”

దోమలమ్మ ముందుకు వచ్చి మంచం పక్కన కూర్చుని, అత్తగారి మొహం ముందు మూడు వేళ్ళు పెట్టింది. “అత్తయ్యా, ఇవి ఎన్ని?”

“పెద్దవాళ్ళని అడిగే పద్ధతి అదేనా?” అంది అత్తగారు. కాసేపాగి, చిన్న గొంతుతో, “నాలుగు?” అంది.

అప్పుడు గుట్టంతా బయటపడింది. నాలుగేళ్ళుగా రెండు కళ్ళకీ శుక్లాలు. వెలుగూ నీడా తెలుస్తాయి, మొహాలు తెలియవు. పేపరులోని వార్తలన్నీ ఆరింటికి రేడియోలో విన్నవే. డాక్టరు దగ్గర అక్షరాలు తనకన్నా ముందు వరుసలో ఉన్న ముగ్గురు చదువుతుంటే విని బట్టీ పట్టినవి. ఎందుకు దాచిందీ అంటే, కంట్లో కత్తి పెడతారని భయం.

“మరి మమ్మల్నందర్నీ ఎలా గుర్తుపడుతున్నారు? నేను నోరు మెదపకముందే ‘వచ్చావా’ అంటారుగా?”

“నేల చెబుతుందే. మంచి చెక్క నేల, మంచం కోళ్ళ మీదుగా నా వీపుకి చెబుతుంది. వాడు వస్తే మంచం రెండుసార్లు అదురుతుంది. నువ్వు కుడికాలు కాస్త ఈడుస్తావు. ఎదురింటావిడ దూదిలా నడుస్తుంది, ఏమీ తెలీదు. ఏమీ తెలీకుండా ఎవరైనా వస్తే అది ఆవిడే. ఇవాళ వీడు ఈ దిక్కుమాలిన తివాచీ పరిచి నేల నోరు నొక్కేశాడు. ఇంక ఎవరొచ్చినా ఎదురింటావిడే!”

కొడుకు నవ్వాలో ఏడవాలో తెలియక ఓ మూల కూలబడ్డాడు. దోమలమ్మ మాత్రం కదల్లేదు. భుజానికి ఉన్న సంచీ కూడా దించలేదు.

చూపు లేదు. అయినా ఎవరు ఎటు నుంచి వస్తున్నారో తెలుసు. నేల అదిరితే తెలుసు.

“అత్తయ్యా,” అంది మెల్లగా, “నా పిల్లలకి కూడా బల్ల చెబుతోందేమో.”

“ఏ పిల్లలే?” అంది అత్తగారు అయోమయంగా.

బుధవారం పొద్దున ఏడింటికల్లా దోమలమ్మ పొడుగమ్మాయిని ఫోను చేసి రప్పించింది. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి, జుట్టు దువ్వుకోలేదు. దోమలమ్మ ఏమీ చెప్పకుండా ఆమె అరచేతిని పట్టుకుని, పరీక్ష తొట్టి ఉన్న బల్ల మీద ఆన్చి, దీపం వేసింది.

“ఏమైనా తెలుస్తోందా?”

“లేదక్కా... ఉండు. ఏదో సన్నగా జుమ్ముమంటోంది.”

పాత దీపం కాలిపోతే పోయిన నెల కొత్తది తెప్పించారు. వేడెక్కకుండా దాని లోపలే బుల్లి ఫ్యాను ఉంది. దీపాన్ని బల్ల అంచుకి, తొట్టి వెలుగు కొస దగ్గరే, మర బిగించి పెట్టారు. చెవికి చప్పుడు వినపడదు, చేతికి తెలుస్తుంది. దోమ పిల్లల ఒంటి మీదయితే నిలువునా వెంట్రుకలే. నీళ్ళు ఎక్కడ ఏమాత్రం అదిరినా వాటికి తెలిసిపోతుంది.

“ఇప్పుడు చూడు,” అంది దోమలమ్మ. నీలం చీటీ పళ్ళెంలోంచి ఇరవై పిల్లల్ని తొట్టిలో వదిలి, దీపం ఆర్పేసింది. దీపం ఆరినా, అది చల్లబడేదాకా లోపలి ఫ్యాను మరో రెండు నిమిషాలు తిరుగుతూనే ఉంటుంది. గది కిటికీ మూసేసి, ఎర్రటి చిన్న బల్బు వెలుగులో ఇద్దరూ వంగి చూశారు. దోమలకి ఆ ఎరుపు దాదాపు కనపడదు. తొట్టి అంతటా ఒకటే చీకటి, పారిపోవడానికి వెలుగే లేదు. అయినా పిల్లలన్నీ బిలబిలమంటూ అవతలి కొసకి పోతున్నాయి. ఫ్యాను ఆగింది. పిల్లలు నెమ్మదించి, మళ్ళీ తొట్టి అంతా చెదిరిపోయి తమ పాటికి తాము తిరగసాగాయి.

పొడుగమ్మాయి దీపం మర వైపు చెయ్యి చాపింది.

దీపాన్ని బల్ల మీంచి విప్పి, గోడకి వేరే కొక్కేనికి తగిలించారు. సూక్ష్మదర్శిని కొన్నప్పుడు పెట్టెలో వచ్చిన మందపాటి స్పాంజి ముక్కని దోమలమ్మ ఎప్పటి నుంచో అటక మీద దాచిపెట్టింది. ఏదీ పారెయ్యని అలవాటు. దాన్ని తెచ్చి తొట్టి కింద పరిచింది. తెల్ల చీటీ పిల్లలు ఇరవై, దీపం వేశారు. పంతొమ్మిది చీకట్లోకి పోయాయి. నీలం చీటీ పిల్లలు ఇరవై, దీపం వేశారు.

పది అటు, పది ఇటు. కళ్ళల్లోకి కొడుతున్న వెలుగులో, ఎండలో తీరుబడిగా నడిచేవాళ్ళలా తిరుగుతున్నాయి.

“ఇంకోసారి,” అంది పొడుగమ్మాయి. ఇంకోసారి చేశారు. ఇంకోసారి. తొమ్మిదోసారికి నమ్మింది. నమ్మి, దోమలమ్మని గట్టిగా వాటేసుకుంది. ఆ ఎత్తుకి దోమలమ్మ మొహం ఆమె మోచేతి దగ్గర ఇరుక్కుని ఊపిరాడలేదు.

పదింటికి అరల మీద సీసాలు గలగలలాడాయి.

“ఆగండి సార్! అక్కడే!” అని ఇద్దరూ ఒక్కసారే అరిచారు. పెద్దసారు గుమ్మంలో ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయారు. ఆయన్ని అలాగే నిలబెట్టి పొడుగమ్మాయి అంతా చెప్పింది. ఆయన కాలు దించి, మునివేళ్ళ మీద, ఆ శరీరానికి సాధ్యమైనంత దూదిలా నడుచుకుంటూ వచ్చి తొట్టి మీదికి వంగారు. చాలాసేపు చూశారు.

“స్పాంజి తీస్తే?” అన్నారు.

తీశారు. పిల్లలన్నీ నీటి పైపొరని పట్టుకుని వేలాడుతున్నాయి. పెద్దసారు కుడికాలు ఎత్తి దబ్బున నేల మీద వేశారు. అన్నీ ఒక్కసారిగా బుడుంగుమని అడుక్కి పోయాయి. ఆయన మొహం వెలిగిపోయింది. అవి పైకి తేలేదాకా ఓపిగ్గా ఆగి, ఈసారి ఎడంకాలు వేశారు. బుడుంగ్. మళ్ళీ కుడికాలు. కింది అంతస్తులోంచి ఎవరో ఫోను చేసి, పైన ఏమైనా కూలుతోందా అని అడిగారు.

“ఇన్నాళ్ళూ నేను పరీక్ష దగ్గర నిలబడి చూడటం కూడా తప్పేనన్నమాట,” అన్నారాయన ఆయాసపడుతూ. తర్వాత దోమలమ్మ వైపు తిరిగారు. ఈసారి మొహంలోకే చూశారు. “మీ చీటీల్ని అనుమానించాను. తప్పు నాది.”

“తప్పులు అందరికీ జరుగుతాయి సార్,” అంది దోమలమ్మ, వీలైనంత మెత్తగా.

శుక్రవారం కమిటీ వచ్చింది. ఆ కమిటీలో ఉన్న నలుగురూ గంభీరంగా వచ్చి, గంభీరంగా బొమ్మలు చూసి, తొట్టి దగ్గరికి వచ్చేసరికి ఒకరి తర్వాత ఒకరు కాళ్ళు నేలకేసి కొట్టి చూసుకుని వెళ్ళారు. పని కొనసాగించమని రాసిచ్చారు. వెలుగు పరీక్షలో అదురుని ఎలా వేరు చెయ్యాలో విడిగా రాయమని కూడా చెప్పారు. ఆ భాగం చెబుతూ దోమలమ్మ, రాసుకుంటూ పొడుగమ్మాయి రెండు మధ్యాహ్నాలు కూర్చున్నారు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా తెమల్లేదు. ఆపరేషన్ మాట ఎత్తితే అత్తగారు గోడ వైపు తిరిగి పడుకునేది. కొడుకు బతిమాలాడు, అలిగాడు, తివాచీ చుట్టేసి గోడకి నిలబెట్టాడు. ఏమీ లాభం లేకపోయింది. ఓ ఆదివారం దోమలమ్మ ఆవిడ కాళ్ళకి నూనె రాస్తూ, నీలం చీటీ పిల్లల కథంతా చెప్పింది. అత్తగారు మొదట విననట్టు నటించి, పెద్దసారు గంతుల దగ్గర పకపకా నవ్వేసింది. తర్వాత ఆలోచనలో పడింది.

“ఆ పురుగులకి మళ్ళీ చూపొస్తుందా?”

“రాదత్తయ్యా. వాటికి లోపల తీగలే చిక్కుపడిపోయాయి. పుట్టుకలోనే దారి తప్పాయి, ఇంక ఎవరూ విప్పలేరు.”

“నాకూ అంతేనేమో.”

“మీకెందుకంతే? మీ మేస్త్రీ ఎనభై రెండేళ్ళ కిందటే చక్కగా తీగలు లాగి వెళ్ళాడు. అవన్నీ బాగానే ఉన్నాయి. ముందున్న అద్దం ఒక్కటే మసకబారింది. అద్దం మార్చడానికి పావుగంట పడుతుంది.”

అత్తగారు కాళ్ళు వెనక్కి లాక్కుని లేచి కూర్చుంది. “పావుగంటేనా?” అంది. “పావుగంటకి నాలుగేళ్ళు దాచానా! ఆ మాట ముందే చెప్పాల్సిందే నువ్వు.”

మొదటి కంటికి పదో రోజున ఆపరేషన్ చేశారు. మర్నాడు కట్టు విప్పించి ఇంటికి తెచ్చి, కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆవిడ ఎవరితోనూ మాట్లాడకుండా గదంతా కలయజూసింది. గోడకి ఆనించిన ఎర్రటి చుట్ట చూసి పెదవి విరిచింది. కొడుకుని చూసి, “పొట్ట పెరిగిందేమిట్రా!” అంది. తర్వాత దోమలమ్మని దగ్గరికి పిలిచి, గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుగు వైపు తిప్పింది.

“జుట్టంతా తెల్లబడిపోయిందేమే! ఎప్పటినుంచి?”

“మూడేళ్ళు దాటింది అత్తయ్యా.”

“ఒక్కసారైనా చెప్పలేదేం నాతో?”

“రోజూ చూస్తూనే ఉన్నారుగా అనుకున్నాను,” అంది దోమలమ్మ.

అత్తగారు నవ్వింది, నవ్వుతుండగానే ఆ కంట్లోంచి నీళ్ళు జారాయి. కుట్లు వెయ్యని కన్నే అయినా తడి తగలకూడదని డాక్టరు అన్నది గుర్తొచ్చి, దోమలమ్మ కొంగుతో గబుక్కున ఆవిడ చెంప తుడిచింది. తుడుస్తుంటే అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని, వదలకుండా, తెల్లబడిన ఆ జుట్టులో పాపిడి ఎక్కడుందో వేలితో వెతుకుతూ కూర్చుంది.